దొరైకి ఇరవై నిమిషాల నీళ్లు

కోయంబత్తూరు,
గురువారం.

మా బొమ్మక్క అత్తకు సుగన్య నమస్కారాలు.

ఇక్కడ నేనూ, హాస్టల్ మంచంలో నల్లులూ క్షేమం. అక్కడ నువ్వూ, నా తాబేలు దొరై క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వినపడకపోయినా ‘సరే సరే’ అంటావు. అందుకే ఈ ఉత్తరం. మన ఊరి పక్క సత్రపట్టి నుంచి బ్యాండేజీ గుడ్డ తెచ్చే ఇరులప్పన్ వ్యాను సోమవారం, గురువారం మేము చదివే చోటికి వస్తుంది. సరుకు దించే అరగంటలో నీకు జవాబు రాసి ఆయన చేతికే ఇస్తాను.

దొరై చెరువు తాబేలు కాదు, ఎండ దేశంలో నేల మీద తిరిగే జాతి. వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు, గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. మరిచిపోకు.

సరిగ్గా పదిహేను రోజులకు, శుక్రవారం, నాకు పరీక్ష. పాసైతే మన ఊరి కంపెనీలోనే గుడ్డను పరీక్షించే గదిలో ఉద్యోగం. పుస్తకం తెరిస్తే అక్షరాల బదులు దొరై ముఖం కనబడుతోంది.

ఇట్లు,
కె. సుగన్య

తా.క.: దొరైని పెంచుకోవచ్చని అటవీ శాఖ ఇచ్చిన కాగితం బీరువాలో ఉంది. ఎవరైనా అడిగితే కాగితం చూపించు. దొరైని చూపించకు, సిగ్గుపడతాడు.


రాజపాళయం,
సోమవారం.

చిరంజీవి సుగన్యకు అత్త దీవెనలు.

ముప్పై ఏళ్లు బ్లీచింగ్ షెడ్డులో గుడ్డ నానబెట్టిన దానికి నానబెట్టడం నేర్పిస్తున్నావు. చాలా సంతోషం.

శనివారం పొద్దున మిల్లులో ఏడు గంటల సైరన్ సంగు ఊదగానే పెద్ద తొట్టి నిండా వెచ్చని నీళ్లు పోసినాను. నానబెట్టే ముందు షెడ్డులో చేసినట్టే పరీక్ష కూడా చేసినాను. గుడ్డను నీళ్లలో వదిలితే పది లెక్కపెట్టేలోపు మునగాలి, మునిగితేనే మంచి సరుకు. ఇది నువ్వు ఇప్పుడు చదువుకుంటున్నావు, నేను ఎప్పుడో చేసినాను. నీ దొరై నాలుగు అనేలోపే మునిగినాడు. నా సర్వీసులో ఇంత మంచి సరుకు చూడలేదు. వెంటనే పైకి తీసినాను. ఇప్పుడు పెరట్లో గడ్డి తింటున్నాడు.

నువ్వు దిగులు మాని చదువుకో.

ఇట్లు,
నీ అత్త బొమ్మక్క

తా.క.: పైకి తీసినాక మెడ చాచి చాలాసేపు నన్నే చూసినాడు. మీ నాయన కామరాజ్ అలిగితే అచ్చం ఇదే చూపు.


కోయంబత్తూరు,
సోమవారం, వ్యాను పక్కన నిలబడి.

అత్తకు నమస్కారాలు. మిగతా మర్యాదలు తరువాత.

దొరై బ్యాండేజీ గుడ్డ కాదత్తా. వాడికి ఈత రాదు. మునిగితే మునిగినట్టే. లోతు రాయకపోవడం నా తప్పే, కాదనను. కానీ తాబేలుకు ఎవరైనా షెడ్డు పరీక్ష పెడతారా?

నీళ్లు వాడి గడ్డం కిందికే ఉండాలి, పైకి రాకూడదు. మునిగినవాడు కాబట్టి ఇకమీద రోజూ ఉంచు. ఇరవై నిమిషాలూ నువ్వు పక్కనే కూర్చో, లేవకు. తరువాత నీళ్లు ఎలా ఉన్నాయో నాకు రాయి. వాడు నీళ్లలోనే పని కానిస్తాడు. నీళ్లు మురికైతే కడుపు బాగున్నట్టు.

ఇట్లు,
కంగారులో సుగన్య

తా.క.: ఇందాక నీ ఉత్తరం చదివాక, క్లాసులో గుడ్డ ముక్క మునుగుతుంటే లెక్కపెట్టడం మరిచి ఏడ్చాను. పాఠం చెప్పే శివరంజని మేడమ్ ఈ గుడ్డలో అంత ఏడవాల్సింది ఏముందని తీసి చూశారు.


రాజపాళయం,
గురువారం.

చిరంజీవి సుగన్యకు దీవెనలు.

నీ ఉత్తరం చదివినాక అన్నం దిగలేదు. ముప్పై ఏళ్లలో షెడ్డు రిజిస్టరులో ఒక్క అబద్ధం రాయలేదు, నీకూ రాయను. జరిగింది జరిగినట్టు చదువుకో.

బుధవారం, ఈ పొద్దు, రెండు రోజులూ ఏడు సంగుకు తొట్టిలో నీళ్లు పోసినాను. నువ్వు చెప్పిన వేడి. లోతు నాలుగు వేళ్లు. పక్కనే పీట వేసుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను, లేవలేదు. తరువాత ఆ నీళ్లు పెరట్లో మునగ చెట్టు మొదట్లో పారబోసినాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. వంగితే నా ముఖం కనబడింది.

పరీక్షకు బాగా చదువు.

ఇట్లు,
బొమ్మక్క అత్త

తా.క.: ఇరులప్పన్‌ను ఏమీ అడగవద్దు. వాడికి తాబేలుకూ బండరాయికీ తేడా తెలియదు.


కోయంబత్తూరు,
గురువారం.

అత్తకు నమస్కారాలు.

అద్దంలా ఉంటే సంతోషించే విషయం కాదత్తా. రెండు రోజులుగా వాడి కడుపు కదల్లేదన్నమాట. ఇక నుంచి ఇరవై కాదు, నలభై నిమిషాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కేరట్ ఉడికించి ఆ నీళ్లు కూడా తొట్టిలో కలుపు. ఏం తింటున్నాడో, బరువెంతో రాయి.

నువ్వు వద్దన్నా ఇరులప్పన్‌ను అడిగాను. తల గోక్కుని, “నాకేం తెలుసు పాపా, నేను గుడ్డ మోసేవాణ్ణి” అని వ్యాను కింద దూరాడు. వ్యానుకు ఏ రిపేరూ లేదు.

ఇట్లు,
సుగన్య

తా.క.: హాస్టల్ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి అరవై ఎనిమిది అడుగులు. కూర్చుంటే కాళ్లు నిలవడం లేదు. నిన్న వార్డెన్ నన్ను చూసి చీపురు చేతికిచ్చింది, ఎలాగూ తిరుగుతున్నావు కదా అని.


రాజపాళయం,
సోమవారం.

చిరంజీవి సుగన్యకు దీవెనలు.

అరకిలో కేరట్ ఉడికించి వార్చినాను. పొద్దున నలభై, సాయంత్రం నలభై నిమిషాలు తొట్టి పక్కనే ఉన్నాను. పక్కింటి వేలమ్మాళ్ గోడ మీదుగా చూసి నాకు పిచ్చి పట్టిందని వీధంతా చెప్పింది. ఆమెతో మాటలు మానేసినాను. నీళ్లలో కేరట్ రంగు తప్ప వేరే రంగు లేదు. గడ్డి, మునగాకు పక్కనే పెట్టినాను. పెట్టింది పెట్టినట్టే ఉంది. బరువు అడిగినావు. తొట్టీ నీళ్లూ కలిపి పదకొండు కిలోలు.

శుక్రవారం పరీక్ష. అది తప్ప ఇంకేదీ మనసులో పెట్టుకోవద్దు.

ఇట్లు,
అత్త

తా.క.: కేరట్ నీళ్లు మొత్తం పారబోయడానికి మనసు రాలేదు. సగం మునగ చెట్టుకు పోసి సగం నేను తాగినాను. కాస్త ఉప్పు పడాల్సింది.


కోయంబత్తూరు,
సోమవారం.

అత్తా,

దొరై నలభై నిమిషాలు కూర్చున్న నీళ్లు తాగావా? ఈ ఉత్తరం చదవగానే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏం తాగావో ఆయనకు నిజం చెప్పు.

వాడు తినడం లేదు, నీళ్లు మురికి చేయడం లేదు, వాడి బరువు అడిగితే నువ్వు తొట్టి బరువు రాస్తున్నావు. ఇక నేనిక్కడ ఉండలేను. గురువారం సాయంత్రం బస్సుకు టికెట్ తీశాను. పరీక్ష వచ్చే ఏడాది రాసుకుంటాను. ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోనీ.

సుగన్య

తా.క.: గురువారం పొద్దున ఇరులప్పన్ బయలుదేరే ముందు ఒక్క మాట రాసి పంపు. దొరై ఉన్నాడా?


రాజపాళయం,
గురువారం, ఏడు సంగు ఇంకా ఊదలేదు.

చిరంజీవి సుగన్యకు దీవెనలు.

ఉన్నాడు. బస్సెక్కవద్దు. మిగతాది నిదానంగా చదువు.

ఆ మొదటి సోమవారం ఇరులప్పన్ చేతికి ఉత్తరం ఇచ్చి ఇంటికొచ్చేసరికి పెరట్లో దొరై లేడు. నిన్న సాయంత్రం దాకా లేడు. నేను ముంచినందుకు అలిగి పోయినాడనుకున్నాను. వీధి వీధీ వెతికినాను. షేర్ ఆటో ఎక్కి సత్రపట్టి రోడ్డు దాకా చూసినాను. ఇరులప్పన్ రోజూ వ్యాను కింద వంగి చూసేవాడు, అదే అలవాటైపోయింది వాడికి.

లేడని రాస్తే నువ్వు ఆ నిమిషమే బయలుదేరతావు. ఉన్నాడని రాస్తే అబద్ధం. అందుకని నీళ్ల సంగతి మాత్రం రాసినాను. ఉత్తరాలు తీసి చూసుకో. నీళ్లు పోసినాను, కూర్చున్నాను, పారబోసినాను. బుధవారం నుంచి దొరైని నీళ్లలో పెట్టినానని ఒక్కచోట రాసి ఉంటే నా పేరు మార్చు. ఉత్తినే కూర్చోవడమెందుకంటావేమో. కూర్చోకుండా కూర్చున్నానని ఎలా రాస్తాను? నేను తాగింది కూడా ఉత్త కేరట్ నీళ్లే. డాక్టరు అవసరం లేదు.

నువ్వు రావడం నాకు ఎందుకు ఇష్టం లేదో చెప్తాను. నా కాళ్లు నీకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ షెడ్డు నీళ్లలో నాని, వేళ్ల సందుల పుండ్లు ఈ రోజుకీ మానలేదు. నువ్వు తడిలేని గదిలో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని గుడ్డ మునగడం చూడాలి. మన ఇంట్లో నానింది నేనొక్కదాన్ని చాలు. నీ తాబేలును పోగొట్టినాను, నీ ఉద్యోగం కూడా పోగొడితే నీ ముఖం ఎలా చూడను? ఈ ఎనిమిది రోజులూ తొట్టి ముందు కూర్చుని ఇదే అనుకున్నాను.

నిన్న సాయంత్రం నలభై నిమిషాలూ అయినాక, ఎప్పటిలాగే మునగ చెట్టు మొదట్లో నీళ్లు పారబోసినాను. పక్కనున్న పత్తి కట్టెల మోపు కదిలింది. పామనుకుని వేలమ్మాళ్‌ను పిలిచినాను, మాటలు లేవన్న సంగతి మరిచిపోయి. ఆమె కట్టెలు లాగింది. కింద మూరెడు బొరియ. అందులోంచి ఒళ్లంతా బురదతో నీ దొరై ఎక్కి వచ్చినాడు. మెడ చాచి నన్ను చూసినాడు. అదే చూపు.

నేను పోసిన నీళ్లన్నీ ఆ బొరియలోకే దిగినాయి సుగన్యా. ఇరవై నిమిషాలవీ, నలభై నిమిషాలవీ, సగం కేరట్ నీళ్లూ. నువ్వు చెప్పిన స్నానం ఒక్క పూట కూడా వాడికి తప్పలేదు.

వెంటనే తొట్టిలో గడ్డం కిందికి నీళ్లు పోసి, దొరైని నీళ్లలో పెట్టినాను. ఈసారి రాస్తున్నాను, చూసుకో. నీళ్ల సంగతి కూడా చెప్పాలి కదా. అంత మురికి నీళ్లు నేను షెడ్డులో కూడా చూడలేదు. చూసి ఏడ్చినాను.

టికెట్ చించెయ్యి. రేపు పరీక్ష రాసి ఆ తరువాత రా.

ఇట్లు,
నిజమే రాసే నీ అత్త
బొమ్మక్క

తా.క.: రేపు గుడ్డ మునిగేటప్పుడు ఏడవకుండా లెక్కపెట్టు. పదిలోపు మునిగితే మంచి సరుకు. దొరై నాలుగుకే మునిగినాడని మీ మేడమ్‌కు చెప్పవద్దు, ఒకటి పంపమంటుంది.