ఎత్తుకోని చేతులు

చిన్నారి తల్లికి అమ్మ బోలెడు దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పసిదీ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు కోడి గెలికినట్టు ఎందుకున్నాయని అడిగావు. కీళ్ళవాతం తల్లీ. నీ పెళ్ళయ్యాక వచ్చింది. నేను దాన్ని సవతి అంటాను. పొమ్మంటే పోదు, పొద్దున్నే నాకంటే ముందు లేచి కూర్చుంటుంది. వేళ్ళు అరగంట వేడినీళ్ళలో పెడితే గానీ తలుపు గడియ తీయలేను. మందులు మానలేదులే. "ఇది పోయేది కాదమ్మా, ముదరకుండా చూసుకోవడమే" అన్నాడు డాక్టరు. "నేనూ మొండిదాన్నేలెండి" అన్నాను. నవ్వాడు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అప్పుడు చెబుదామంటే నువ్వు కడుపుతో ఉన్నావు. ఆ తర్వాత బాలింతవి. ఆపైన చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో ఆయాగా ఊళ్ళోవాళ్ళ బిడ్డలందర్నీ ఎత్తుకున్నావు. నీ దగ్గర నెల్లాళ్ళున్నాను, నా కూతుర్ని ఒక్కసారి ఎత్తుకోలేదు. చెప్పకుండా పెళ్ళి చేసుకున్నానని కోపం ఇంకా పోలేదా?" అని రాశావు. ఆ మాటకి జవాబు రాయడానికే మూడు రోజులు పట్టింది.

ఎత్తుకున్నాను తల్లీ, ఒక్కసారి. నువ్వు స్నానానికి వెళ్ళావు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే ఆగలేకపోయాను. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, అలవాటైన పనేగా, భుజం దాకా తెచ్చాను. దాని చెంప నా చెంపకి తగిలింది. అంతలో మణికట్టు పట్టు తప్పింది. పరుపు మీద పడింది కాబట్టి సరిపోయింది, దెబ్బ తగల్లేదు. ఏడుపు మానేసి నన్నే చూసింది. తలంతా తడిమి చూశాను. నా వేళ్ళ మీద నాకే నమ్మకం లేక మళ్ళీ పెదాలతో తడిమాను.

నువ్వొచ్చి "ఏడ్చిందా అమ్మా?" అన్నావు. "లేదే, ఆడుకుంటోంది" అన్నాను. ఆ తర్వాత నువ్వు అందించినప్పుడల్లా పొయ్యి మీద పాలున్నాయనో, చేతులు తడిగా ఉన్నాయనో తప్పించుకున్నాను. నీ మొహం చిన్నబోవడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. వార్డులో ఒక్క బిడ్డని కూడా జారవిడిచినదాన్ని కాదు నేను.

నన్ను తిట్టు, పడతాను. ప్రేమ లేదని మాత్రం అనకు. నువ్వు మళ్ళీ వచ్చేసరికి అది నడుస్తూ ఉంటుంది. నా దగ్గరికొచ్చి చేతులు చాపుతుంది. నేను వంగి ఎత్తుకోలేను. అమ్మమ్మకి తనంటే ఇష్టమేనని అప్పుడు నువ్వే దానికి చెప్పాలి. నేను చెప్పబోతే ఏడుపొస్తుంది, చూసి భయపడుతుంది.

ఇట్లు,
దాని అమ్మమ్మ