నీ జువ్వి చెట్టు, నీ కత్తెర

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ జువ్వి చెట్టు సంగతి చెప్పాలె, తిట్టొద్దు.

నువ్వు కుట్టిన అంగి వేసుకొని ఇంటర్వ్యూకు పోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కొట్టినాయన ఇచ్చిన బోన్సాయ్ అది. అమీర్‌పేట దుకాణంల మిషన్ పక్కనే పెట్టుకుంటివి. నువ్వు పోయి దుకాణం మూతపడ్డంక దాన్ని ఇంటికి తెచ్చి తులసి పక్కన పెట్టిన. రోజూ తానం చేసి తులసికో చెంబు, దానికో చెంబు నీళ్లు పోసిన. ఆకులు పండుబారి రాలుతుంటే, నీళ్లు సాలుతలేవని ఇంకో చెంబు పోసిన.

పోయిన నెల పంజాగుట్టల ఒక నర్సరీకి పట్టుకపోయిన. అక్కడి అన్న మట్టిల వేలు పెట్టి చూసి, "ఇది తులసి కాదక్కా. మట్టి ఆరినంకనే నీళ్లు పొయ్యాలె. వేర్లు కుళ్లినయ్, పదునైన కత్తెరతో కోసెయ్. మొద్దుదైతే నలిగి మళ్ల కుళ్లుతయ్" అన్నడు. బతుకుతదా అంటే, "చెప్పలేనక్కా" అన్నడు.

ఇంట్ల పదునున్నది నీ కత్తెర ఒక్కటే. దాంతోని బట్ట తప్ప కాగితం సుత కోయనియ్యకపోతివి. ఏడాది నుంచి నేను దాన్ని డబ్బాల నుంచి తియ్యలే. ఆ రోజు తీసిన. మట్టి అంటుకున్న కుళ్లిన వేర్లన్నీ దాంతోనే కోసి, చెట్టును కొత్త మట్టిల పెట్టిన. ఇప్పుడు వేలు పెట్టి చూడంది చుక్క నీళ్లు పొయ్య.

ఇయ్యాల పొద్దుగాల రెండు కొత్త ఆకులు విచ్చినయ్.

నీ కత్తెర ఇగ బట్టకు పనికిరాదు. చెట్టుకే ఇచ్చేసిన. బట్ట కోసేటందుకు నాకు కొత్తది కొనుక్కున్న. రేపు దుకాణం షటర్ లేపి, చెట్టును మళ్ల మిషన్ పక్కనే పెడత.