కాలువ గొట్టం దగ్గరే ఉంటాను

అమ్మాయీ,

ఇది చూడగానే బ్యాగు కూడా దించకుండా స్కూలు వెనక కాలువ దగ్గరికి రా. టార్చి, పాత దుప్పటి తీసుకురా. నీకు ఫోన్ చేస్తే ఆపరేషన్ గదిలో ఉన్నావని హాస్పిటల్‌వాళ్ళు చెప్పారు. ఈలోగా నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

నువ్వు తెచ్చిన కుక్క పారిపోయింది. తప్పు నాదే. గ్యాస్ అతను వస్తే గేటు తీసి, వేయడం మరిచాను. సిలిండర్ దొర్లిన చప్పుడుకి బెదిరిపోయి వీధిలోకి పరుగెత్తింది. పదకొండు రోజులు మంచం కింద నక్కి ఉన్నది, ఇవాళే బయటికొచ్చి నా చేతిలో అన్నం తింది. నువ్వు రాగానే చెప్పి మురిసిపోదామనుకున్నాను.

ఇప్పుడు కాలువ గొట్టంలో దూరింది, రానంటోంది. మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే ఆ గొట్టం నిండిపోతుంది. నా నడుము వంగదు, చెయ్యి అందదు. తాడు, కాస్త అన్నం తీసుకుని మళ్ళీ వెళ్తున్నాను.

ఇంటిని కుక్కల సత్రం చేశావని నిన్ను సాధించాను. అవేవీ మనసులో పెట్టుకోకు, త్వరగా రా.

అత్తయ్య

పేరు పెడితే పంపలేమని దీనికి పేరు పెట్టనివ్వలేదు నువ్వు. నాలుగు వీధులు తిరిగాను, ఏమని పిలవాలో తెలియలేదు. చివరికి గొట్టం దగ్గర 'అమ్మలూ' అన్నాను. లోపల తోక కొట్టుకున్న చప్పుడైంది. నువ్వూ అలాగే పిలువు. ఆదివారం దీన్ని పెంచుకోడానికి తీసుకెళ్తామన్నవాళ్ళను రావద్దను.