పసుపు తగిలిన పేరు

పుంగనూరు

చిరంజీవి గిరీష్‌కు,

నవ్వుతావని ఈ ఉత్తరం రాయకుండానే ఉందామనుకున్నాను. మదనపల్లెలో నీ అంగడి నుంచి తెచ్చిన చవక టోనరు పొడిని నా ప్రింటరులో వేసి, మా వీధి మునెమ్మ కూతురి లగ్నపత్రిక అచ్చువేశాను. మునెమ్మ దాని మూలలకు తడి పసుపు పూస్తుంటే, అంచునున్న పెళ్లికొడుకు పేరు సగం ఆమె వేలికి అంటుకొచ్చింది.

"పేరే నిలబడ్లేదే, మనిషి యాడ నిలబడతాడప్పా?" అని మునెమ్మ కూలబడింది.

కంపెనీ టోనరు వేసి చూస్తే అదీ రాలింది. మా నాయన పెళ్లిపత్రికను మేక తినేసినా పెళ్లి ఆగలేదు, అది వేరే కథ. తప్పు పొడిదా, నున్నటి కాగితానిదా, పసుపుదా? నాకేమీ తెలియడం లేదు. శుక్రవారం పత్రిక కుప్పం వియ్యంకులకు చేరాలి. ఆలోపు ఏ టోనరు కొనాలో చెప్పు.

ఇంతవరకు రాసేసరికి మునెమ్మ మళ్లీ వచ్చింది. నా చేతిలోని పెన్ను తీసుకుని, పోయిన అక్షరాలు తనే దిద్ది, పత్రిక మడిచి పట్టుకెళ్లింది.

మీ మామ