పరుగు అయ్యాక మాట్లాడుకుందాం

ఫిల్మ్‌నగర్,
1993 జనవరి 20

ప్రేమగల అత్తయ్యకు,

ఆదివారం మారథాన్ పూర్తి చేశాను. ఆ సంగతి మీ అబ్బాయే మీకు చెబుతారని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇప్పుడు నేనే రాయాల్సి వస్తోంది. ఆయన ఇంట్లో లేరు. మద్రాసు వెళ్తున్నానని చెప్పి, అదే సాయంత్రం బయల్దేరారు.

పాప పోయాక నేనెలా అయిపోయానో మీరు చూశారు. నాలుగేళ్ళ పిల్లను మెదడువాపు జ్వరం ఎత్తుకుపోయాక, బడి ఉద్యోగం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఒక తెల్లవారుజామున ఆయన నా కాళ్ళకు కాన్వాస్ బూట్లు తొడిగి, "వీధి మలుపు దాకా నడుద్దాం, చాలు" అన్నారు. నెమ్మదిగా ఆ మలుపు జూబ్లీహిల్స్ గుట్టల దాకా సాగింది, నడక పరుగైంది. డబ్బింగ్ థియేటర్లో సినిమాల కోసం పిల్లల ఏడుపులు రికార్డు చేసి వచ్చిన రోజుల్లో కూడా ఇంట్లో నా ముందు ఈల వేస్తూ తిరిగేవారు. ఇక ముందు మన సంగతేమిటని ఎప్పుడైనా అడిగితే, "పరుగు అయ్యాక మాట్లాడుకుందాం సుందరీ" అనేవారు.

ఆదివారం షేక్‌పేట దాటుతుండగా, నా పక్కనే పరుగెడుతున్న ఆయన పిక్కలు పట్టేశాయని పోచయ్య టీ బండి దగ్గర కూర్చుండిపోయారు. నేనూ ఆగాను.

"నువ్వెళ్ళు."

"మీరు లేకుండానా?"

"వెళ్ళగలవు. వెళ్ళు" అంటూ వీపు మీద చెయ్యివేసి నన్ను ముందుకు తోశారు.

వెళ్ళాను అత్తయ్యా. చివరిదాకా పరుగెత్తాను. దారంతా మనసులో ఒకే మాట. ఇంకో బిడ్డను కందామని ఆయనకు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆ ఆలోచననే దగ్గరికి రానివ్వలేదు. మెడలో పతకంతో షేక్‌పేటకి తిరిగి వస్తే ఆయన లేరు. "సారు ఆటోల ఇంటికి పోయిండమ్మా. నిన్ను ఫికర్ చెయ్యొద్దన్నడు" అన్నాడు పోచయ్య.

ఇంట్లో సూట్‌కేసు సర్దుకుని కూర్చున్నారు. పతకం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. నిజంగానే సంతోషించారు. తర్వాత అన్నారు: "నువ్వు లేచి నిలబడేదాకా నేను ఏడవకూడదనుకున్నాను. నిలబడ్డావు. ఇక నా వల్ల కావడం లేదు సుందరీ. నన్ను వెళ్ళనీ."

బిడ్డ మాట ఆయనకు చెప్పనే లేదు. మా ఇల్లుగలావిడ అమ్మాజీగారు నిన్న గుమ్మంలో నిలబెట్టి, "తర్వాత ఎక్కడ పరిగెడతావమ్మా, బొంబాయిలోనా?" అని మురిపెంగా అడిగారు. ఏం చెప్పను? మద్రాసు వెళ్ళి వెతకనా, ఇక్కడే ఎదురుచూడనా? మీరేది చెబితే అది చేస్తాను.

మీ కోడలు
త్రిపురసుందరి

కాకినాడ,
జనవరి 27

అమ్మా సుందరీ,

వాడు మద్రాసులో లేడు. నా దగ్గరే ఉన్నాడు. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు గానీ, నీ ఉత్తరం చదివాక ఆ ఒట్టు నిలుపుకోలేకపోయాను.

పెరటి గదిలోంచి బయటికి రాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తాడు. భయమేసి, "కోడల్ని పిలిపించనా నాయనా?" అన్నాను. "వద్దమ్మా. అది వస్తే నేను కళ్ళు తుడుచుకుని లేవాలి. దాని మొహంలో నాకు పాపే కనిపిస్తుంది. ఆ ఇంటికి ఇక వెళ్ళలేను" అన్నాడు. "కొన్నాళ్ళు పోయాకైనా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

బిడ్డను కనాలనుకున్న సంగతి వాడికి చెప్పలేదు. చెబితే ఆ క్షణమే బయల్దేరతాడు, నా కొడుకు సంగతి నాకు తెలుసు. కాపురం నిలబడాలని నాకు మాత్రం ఉండదా? కానీ వాణ్ణి చూస్తుంటే నోరు రావడం లేదు. చెప్పమంటే చెబుతాను. ఆ నిర్ణయం నీదే తల్లీ. నువ్వు ఏమన్నా నీమీద నా ప్రేమ తగ్గదు.

నీ అత్తయ్య
శారదాదేవి

ఫిల్మ్‌నగర్,
ఫిబ్రవరి 6

అత్తయ్యా,

చెప్పకండి.

మీ ఉత్తరం అందిన రోజే బట్టలు సర్దుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆటో ఎక్కి కూర్చున్నాను కూడా. "యాడికి పోవాలమ్మా?" అన్నాడు డ్రైవరు. స్టేషన్‌కి అనబోయి దిగిపోయాను. నేను వస్తే ఆయన మొహం కడుక్కుని, "భోంచేశావా సుందరీ?" అంటారు. బిడ్డ మాట చెబితే వెంట వచ్చేస్తారు. మళ్ళీ నా కోసమే నవ్వుతారు. ఆ నవ్వు ఆయన్ను ఎంతగా తినేసిందో ఇప్పుడు తెలిసింది.

ఈ ఉత్తరం రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. రోజూ రాసి చింపేశాను. రమ్మనమని రాసినవే ఎక్కువ.

ఆయన్ను ఏడవనివ్వండి. ఎవరూ లేపొద్దు. నా గురించి అడిగితే బాగానే ఉన్నానని చెప్పండి. అడగకపోతే నా పేరు ఎత్తకండి. నేను ఎదురుచూడను అత్తయ్యా. ఎదురుచూస్తున్నానని తెలిస్తే చాలు, ఆయన వచ్చేస్తారు.

ఈ ఇల్లు ఖాళీ చేసి మోతీనగర్‌లో చిన్న వాటా తీసుకున్నాను. దగ్గర్లోని బడిలో టీచరు ఉద్యోగం ఇచ్చారు. సోమవారం నుంచి వెళ్తున్నాను. ఒకటో తరగతి. మన పాప ఉంటే ఈ ఏడు ఆ తరగతిలోనే ఉండేది. ఆ మాట చెప్పగానే హెడ్‌మిస్ట్రెస్ నాగేశ్వరిగారు రిజిస్టరు మూసి, "పోనీ, పెద్దపిల్లల తరగతి ఇవ్వనా అమ్మా?" అని అడిగారు.

వద్దన్నాను.

మీ
సుందరి