నిన్న మా ఇంట్లో

నవంబర్ 19, మంగళవారం

మా కన్నడ మీడియం బడి నాలుగో తరగతిలో పద్దెనిమిది మంది, ఇళ్లలో అందరిదీ తెలుగే. బోర్డు మీద ఏది రాస్తే అది అచ్చు గుద్దినట్టు దించేస్తారు. సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే పెన్సిల్ నోట్లో పెట్టుకుని నా మొహం చూస్తారు. ఈ రోజు ఆవు మీద రాయమన్నాను. పద్దెనిమిది ఆవులూ ఒకటే ఆవు. నాలుగు కాళ్లు, ఒక తోక, సాధు జంతువు. పొద్దున లేస్తే పేడ ఎత్తే పిల్లలు వీళ్లు!

మీ ఆవు తన్నదా అని ఆశాని అడిగాను. తంతాది మిస్, మొన్న మా అమ్మని పాలచెంబుతో సహా పడేసె అని పడీపడీ నవ్వింది. మరి అది ఎందుకు రాయలేదే అంటే, అదంతా రాయొచ్చునా మిస్ అంది.

ఒళ్లు మండిపోయింది. దాని మీద కాదు, నా మీద. ఆరేళ్లుగా ఈ బడిలో రాయడం నేర్పుతున్నది నేనే కదా.

నవంబర్ 20, బుధవారం

బోర్డు మీద 'నిన్న మా ఇంట్లో' అని మాత్రం రాసి చాక్‌పీస్ కింద పెట్టేశాను. చూసింది చూసినట్టు రాయండి. కన్నడ రాకపోతే ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి, అక్షరాలు కన్నడవైనా ఫరవాలేదు అన్నాను. ఆశా చెయ్యెత్తి, ఎవురు చదువుతారు మిస్ అని అడిగింది. నేనొక్కదాన్నే అన్నాను. గాడ్ ప్రామిస్ చేయమంది. గొంతు పట్టుకుని చేశాను.

సాయంత్రం, ఇంటికి పోయే చింతామణి బస్సులో

సీటు దొరకలేదు. నిలబడే చదివాను. ఆశా పేజీన్నర రాసింది! ఇక్కడ దించుకోకుండా ఉండలేను:

'నిన్న పొద్దున్నే మా నాయన టమోటాకి మందు కొట్టె. నేను బిందె పట్టుకుని ఉంటి. గాలి ముత్యాలప్ప తాత రేష్మ తోట పక్కకి పోతా ఉండె. నాయనా, గాలి అట్ల పోతాండాది అంటి. నోరు మూసుకో, ఎవురికీ చెప్పద్దు అనె. ఆకు మీద మందు పొగ మాదిరి వాలె. నాకి తుమ్ము వచ్చె.'

ఆ తుమ్ము చూసి బస్సులో గట్టిగా నవ్వాను. పక్కావిడ వింతగా చూసింది. ఎర్ర పెన్నుతో వెరీ గుడ్, పక్కన స్టార్. ఆరేళ్లలో ఇంత సంతోషం లేదు.

నవంబర్ 21, గురువారం

బస్సు దిగగానే వాసన. ముత్యాలప్ప పట్టుపురుగులన్నీ, ఆ రేష్మ తోట మల్బరీ ఆకు తిని పెరిగినవి, చచ్చిపోయాయి. ఇంకో మూడు రోజుల్లో గూడు కట్టాల్సినవి. నిన్న సాయంత్రం నుంచి పచ్చగా కక్కుకుని తట్టల్లోనే వంకర్లు తిరిగాయట. ముత్యాలప్ప భార్య గడపలో కూర్చుని ఏడుస్తోంది.

నా బుర్రలో తుమ్ము ఒకటే మోగుతోంది.

కానీ ఊరికి కారణం అప్పుడే దొరికేసింది. హనుమక్క. మా బడిలో మధ్యాహ్నం వంట చేసేది ఆవిడే. మంగళవారం చేట ఇచ్చి రావడానికి వెళ్లి, కాళ్లు బ్లీచింగ్ నీళ్లలో కడగకుండా, నోట్లో పొగాకు పెట్టుకుని పురుగులింట్లోకి కాలు పెట్టిందట. పురుగులింట్లోకి బయటివాళ్లు రాకూడదనీ, పురుగులకి పొగాకు ఘాటు పడదనీ ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. పెట్టింటి స్వామీ, బుద్ధి లేక పెట్టింటి అని ఆవిడే ఒప్పుకుంటోంది. ఇట్లాంటిది పిల్లోళ్లకి అన్నం వండేది యాడన్నా ఉండాదా అని ముత్యాలప్ప అరుస్తున్నాడు. బడి కమిటీకి అధ్యక్షుడు ఆయనే. శనివారం మీటింగ్. తీసేస్తారు.

మొగుడు పోయాక తొమ్మిదేళ్లుగా ఆ పొయ్యే ఆవిడ బతుకు.

ఆశా క్లాసులో నా వైపే చూస్తోంది. నేను బోర్డు వైపు చూశాను.

నవంబర్ 22, శుక్రవారం

ముత్యాలప్పకి చెప్పి చూశాను. చచ్చిన పురుగుల్ని పట్టు డిపార్ట్‌మెంటు వాళ్లకి చూపించండప్పా, మందు గాలేమో అన్నాను. అంతా సున్నం వేసి పూడ్చేస్తిమి అన్నాడు. ఎవురు కొట్టినారు మందు, చెప్పమ్మా అని అడిగాడు. బడికి టైమైందని వచ్చేశాను.

లంచ్‌లో ఆశా వాళ్ల నాయన దేవరాజ్ దగ్గరికి వెళ్లాను. నోట్‌బుక్ మాట ఎత్తలేదు. హనుమక్కకి అన్యాయం జరుగుతోంది, తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది అని గాలికి చెప్పినట్టు చెప్పాను. ఆయన టమోటా మొక్కలకి కట్టు కడుతూనే ఉన్నాడు. చివరికి చేత్తో పైపు చూపించాడు. ఆ నీళ్లు ముత్యాలప్ప బోరువి. నోరు తెరిస్తే ఈ తోట గతేమిటమ్మా అన్నాడు. ఆ తర్వాత, నీకి ఎవురు చెప్పిరి అన్నాడు.

ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన నమ్మలేదు.

హెచ్చెమ్ ఆనంద్‌కుమార్ సార్‌తో అంతా చెప్పేశాను. మీరు పాఠం చెప్పండి మేడమ్, పంచాయితీ ఎందుకు అన్నారు. పైగా కన్నడ మీడియంలో తెలుగు రాయించినందుకు చిన్న క్లాసు కూడా పీకారు.

నవంబర్ 23, శనివారం, పొద్దున 6

ఆశా నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకున్నాను. తీయనులే. ఊరికే.

మధ్యాహ్నం 1

తీశాను.

హనుమక్క మూల నిలబడి ఉంది. ఇంటికి పో, సోమవారం నుంచి రావద్దు అన్నాడు ముత్యాలప్ప. ఆవిడ సరే స్వామీ అని, నడుముకు కట్టుకున్న స్టోర్‌రూమ్ తాళంచెవి విప్పుతోంది. ముడి ఊడి రావడం లేదు. ఆ ముడితో ఆవిడ కుస్తీ పడుతుంటే చూడలేకపోయాను. పురుగులు చచ్చింది మందుకి అన్నాను. ఎట్ల తెలుసు అన్నారు. మళ్లీ అన్నాను. మళ్లీ అడిగారు. చదివేశాను. తుమ్ముతో సహా.

దేవరాజ్ వెనక బెంచీలో ఉన్నాడు. లేచి వచ్చి నోట్‌బుక్ అందుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. వేలు తడి చేసుకుని ఆ పేజీ చదివాడు. తర్వాత వెనక్కి తిప్పాడు. ఆవు పేజీ కూడా చదివాడు. పుస్తకంలో ఇంకా ఏమేమి ఉందో అని చివరి దాకా వెతికాడు. పుస్తకం బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

హనుమక్క ఉద్యోగం నిలబడింది. కిటికీ బయట ఆశా ఉందని ఆ తర్వాత చూశాను.

నవంబర్ 25, సోమవారం

ఆశా రాలేదు.

హనుమక్క కృతజ్ఞత చెబుతుందనుకున్నాను, సిగ్గు లేకుండా. పప్పు కలుపుతూ చెడామడా తిట్టింది. నువ్వే చూసినట్టు చెప్పలేకపోతివా అమ్మా? బస్సు దిగి నడుచుకుంటా వస్తాంటే చూస్తిని అంటే ఎవురు కాదంటారు? ఆ పిల్ల పుస్తకమే కావల్సి వచ్చెనా నీకి?

నిజమే. ఒక్క అబద్ధం చాలేది. మందు కొట్టింది పొద్దున్నే, నా బస్సు తొమ్మిదికి. అయినా ముందు రోజు రాత్రి ఈ ఊళ్లోనే ఉండిపోయానంటే సరిపోయేది. నాకు తట్టనే లేదు. పిల్లలకి నిజం రాయమని చెప్పీ చెప్పీ నా మెదడు కూడా మొద్దుబారింది.

నవంబర్ 27, బుధవారం

ముత్యాలప్ప ఆ నీళ్ల పైపు కోసేశాడు. దేవరాజ్, ఆయన భార్య బిందెలతో మోస్తున్నారు. ఆశా కూడా. బడి గేటు ముందు నుంచే పోయింది. పిలిచాను. బిందె సరిచేసుకుని పోయింది.

నవంబర్ 29, శుక్రవారం

ముత్యాలప్ప ఇంటికి వెళ్లి బతిమాలాను. నీళ్లు వదలమని. ఆయన అన్నదొక్కటే, ఆ మాట దేవరాజ్ వచ్చి అడగాల. దేవరాజ్ అడగడట.

డిసెంబర్ 2, సోమవారం

ఆశా వచ్చింది. చెయ్యి మీద బిందె ఒరుసుకున్న గుర్తు. కొట్టినారా అని అడిగితే, లేదు మిస్, నాయన నాతో మాట్లాడేదే లేదు అంది. సారీ చెప్పాను. తొమ్మిదేళ్ల పిల్లకి సారీ చెప్పడం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు. పరవాలేదు మిస్ అంది, పెద్దవాళ్లు అన్నట్టు.

డిసెంబర్ 3, మంగళవారం

మళ్లీ అదే హెడ్డింగ్ ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. పిల్లలంతా రాశారు. ఆశాది మూడు లైన్లు, అందమైన దస్తూరీ, మంచి కన్నడ:

నిన్న మా ఇంట్లో ఏమీ జరగలేదు.
మొన్న కూడా ఏమీ జరగలేదు.
రేపు కూడా ఏమీ జరగదు.