వెచ్చబెట్టిన చుక్కలు

డాక్టరమ్మ గారికి నమస్కారం.

సాయంత్రమయ్యేసరికి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చే మా పాపకు మీరు ప్రోబయోటిక్ చుక్కలు రాసిచ్చారు కదా. ఇప్పుడది హాయిగా ఉంది. రేపు మీ దగ్గరికి వచ్చేలోపు ఒక మాట చెప్పుకోవాలి.

చుక్కలు వేసేది మా అత్తయ్య. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, మందు చెంచాలో పోసి, పొయ్యి మీద వేడి చేసి, ఆరాక వేస్తున్నారని నిన్ననే చూశాను. “పసిదానికి చల్లటిది ఎలా పోస్తానే? గొంతు పట్టెయ్యదూ!” అన్నారు. వేడి తగిలితే అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందని మీరు చెప్పినప్పుడు ఆవిడ అక్కడ లేరు.

మరి ఏడుపెలా తగ్గింది? వయసు పెరిగితే అదే పోతుందని కూడా మీరన్నారు. నేను చూసింది మాత్రం ఇదీ: “మందు కడుపులో సర్దుకోవాలి” అంటూ ఆవిడ పాపను భుజాన వేసుకుని, అది నిద్రపోయేదాకా వరండాలో తిరుగుతూనే ఉంటారు. ఇప్పుడా భుజం నొప్పితో చెయ్యి పైకి లేవక జడ కూడా నాతోనే వేయించుకుంటున్నారు. అడిగితే “పక్క కుదరలేదులే” అని దాటేస్తారు.

రేపు ఆవిడ అంతా మీ మందు చలవేనంటారు. కాదనకండి. చెంచా సంగతి ఎత్తకండి. మీరు పిల్లల డాక్టరే, అయినా ఆ భుజం ఒక్కసారి చూడండి. కాపడం పెట్టుకోమన్నా చాలు. వేడి చేయడంలో ఆవిడకు తిరుగులేదు.

ఇట్లు,
పాప వాళ్లమ్మ